విత్తనము నిలుచుటయు, విత్తనము మారుటయు

అరటి పిలకను త్రవ్వి వేరొకచోట నాటినచో, తల్లిచెట్టు గెల యెట్టిదో పిల్లచెట్టు గెలయు నట్టిదే యగును. చెఱకు ముచ్చె నాటినను, మల్లె అంటు కట్టినను అంతియే. కాని సంకర మిరప కాయల నుండి గింజలు తీసి మరుసటి యేట నారు పోసినచో, ఆ తోటలో నొక మొక్క కాయ పొడవు, వేరొక దాని కాయ పొట్టి. ఒకటి ముందు కాపునకు వచ్చును, ఒకటి వెనుకబడును. గింజ చక్కగనే మొలచినది, నేల యదే నల్లరేగడి, ఎరువు నదే, నీరు నదే. మరి తేడా యెక్కడ వచ్చినది? పెదకూరపాడు పరిసరములందు ప్రత్తియు మిరపయు సాగుచేయు రైతులకు, తొలకరికి ముందు విత్తనపు సంచుల కొఱకు సొమ్ము లెక్కించునపుడెల్ల ఈ ప్రశ్న మనసున మెదలుచునే యుండును. దీనికి సమాధానము మొక్కలోని కణము రెండుగా చీలు విధానమునందు కలదు. ఆ విధానమును సభ్యులకు వీలైనంత తేటగా విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కణము, క్రోమోజోములు

ఇటుకలు పేర్చి గోడ కట్టినట్లు మొక్క యొక్క వేరు, కాండము, ఆకు, పువ్వు, కాయ సమస్తమును కణములతో నిర్మితమై యున్నవి. అయితే ఇటుక తనంత తాను రెండు కాజాలదు; కణము కాగలదు. ఒక్క గింజలోని మొలక కొన్ని మాసములలో నడుము లోతు ప్రత్తిచెట్టగుట యిట్టి చీలికల ఫలమే. వేరు కొనయందును, చిగురు కొనయందును ఈ పని మిక్కిలి చురుకుగ సాగుచుండును.

కణము లోపల కేంద్రకమను చిన్న సంచి యొకటి కలదు. కాయ పొడవు, కారము, గింజ రంగు, తెగులునకు తట్టుకొను శక్తి మొదలగు వంశలక్షణముల వివరమంతయు నందలి సన్నని పోగులలో నిలువ యుండును. 1882లో ఫ్లెమ్మింగు అను జర్మను శాస్త్రజ్ఞుడు కణములకు రంగులద్ది సూక్ష్మదర్శినితో పరీక్షించి, కణము చీలు వేళ ఈ పోగులు నిడివిగా రెండేసి యగుటను, చెరి యొక వైపునకు చేరుటను వర్ణించెను. 1888లో వాల్డయరు అను మఱియొక జర్మను పండితుడు వీనికి క్రోమోజోములని పేరిడెను. రంగు పట్టు శరీరములని ఆ గ్రీకు మాటకు అర్థము.

ఒక్కొక్క జాతికి ఈ క్రోమోజోముల సంఖ్య నియతమై యుండును. నీరుల్లికి 16, మినుమునకును కందికిని 22, వరికిని మిరపకును 24, నువ్వునకు 26, పొగాకునకు 48. దేశవాళి ప్రత్తికి 26 కాగా అమెరికా ప్రత్తికి 52. మన ఒంగోలు ఆవునకు 60, ముర్రా గేదెకు 50, మనుష్యునకు 46. సంఖ్య పెద్దదైనంత మాత్రమున జాతి గొప్పది కాదు. కాని ఒక జాతిలో ఆ సంఖ్య తప్పినచో ఏదో యొక చిక్కు వచ్చుట సాధారణము. ఇవి జతలు జతలుగా నుండును. మిరపలోని 24 క్రోమోజోములలో 12 పుప్పొడి వైపు నుండియు, 12 అండము వైపు నుండియు వచ్చినవి. ఈ మాట సభ్యులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

ఉన్నత పాఠశాలలో సూక్ష్మదర్శిని యున్నచోట మన పిల్లలు దీనిని కన్నులార చూడవచ్చును. నీరుల్లి గడ్డను నీటి గ్లాసుపై నుంచిన రెండు మూడు దినములలో తెల్లని వేళ్లు దిగును. వాని కొనలను ఉపాధ్యాయుని సాయముతో ఊరవేసి, రంగు పట్టించి, గాజుపలకపై నలిపి చూచినచో చీలుచున్న కణములును, వానియందు 16 పోగులును కనబడును.

నూలు, కండెలు

ఒక్కొక్క క్రోమోజోము నందు డి.ఎన్.ఏ. అను ఒకే యొక నిడుపాటి పోగు కలదు. మిరప కణమునందలి 24 క్రోమోజోముల పోగులను సాగదీసి ఒకదాని కొన కొకటి చేర్చినచో మొత్తము రెండు మీటర్లకు, అనగా నాలుగు మూరలకు మించును. అంతటి పోగు మిల్లిమీటరులో నూఱవ వంతు వెడల్పయిన లేని కేంద్రకములో ఇమిడి యున్నది. ఇమిడియుండుట మాత్రమే చాలదు; చిక్కుపడక యుండవలెను, కావలసిన చోట విప్పి చదువుటకు వీలుగ నుండవలెను.

సాలెవాడు నూలును కండెలకు చుట్టి యుంచుట మనమెఱిగినదే. కణము చేయునదియు నిట్టిదే. హిస్టోనులను మాంసకృత్తుల గుండ్రని ముద్దలు కండెల వలె నుండును. ఒక్కొక్క కండెకు డి.ఎన్.ఏ. పోగు రెండు చుట్లకు కొంచెము తక్కువగా చుట్టుకొని తరువాతి కండెకు పోవును. ఇట్టి కండెలు లక్షల కొలది. మరల ఈ కండెల వరుస పెద్ద పెద్ద ఉచ్చులుగా మడతపడును. సాధారణ వేళలలో ఈ మడతలు వదులుగా నుండును గావున సూక్ష్మదర్శినికి విడివిడి పోగులు కానరావు. చీలిక దగ్గరపడినపుడే అవి బిగిసి పొట్టియై లావెక్కి స్పష్టముగ కనబడును.

నకలు వ్రాయుట

కణము రెండగుటకు ముందు ఈ పోగులన్నిటికిని నకళ్లు తయారు కావలెను. డి.ఎన్.ఏ. పోగు రెండు పేటల త్రాడు వంటిదని 1953లో వాట్సను, క్రిక్కు అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఇందు నాలుగే అక్షరములు: ఏ, టి, జి, సి. ఒక పేటలో ఏ యున్నచోట రెండవ పేటలో టి యుండును. జి యున్నచోట సి యుండును. కావున రెండు పేటలను విడదీసినచో, ఏ పేటను చూచి యైనను దాని జోడును తిరిగి వ్రాయవచ్చును. కణము చేయు పని యిదియే. పాత పేట యొకటి, కొత్త పేట యొకటి కలిసి కొత్త త్రాడగును. అట్టివి రెండు తయారగును.

ఇది ఊహ కాదని ఋజువైనది మొక్క వేళ్లయందే యని తెలిసిన రైతులు సంతసింతురు. 1957లో టెయిలరు అను అమెరికా శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒక జాతి చిక్కుడు మొక్కల వేళ్లకు, కిరణములు వెలువరించు గుర్తు గల ఆహారము నిచ్చి, క్రోమోజోములలో కొత్తగా చేరిన భాగమెక్కడ నున్నదో కనుగొనిరి. ఆ ఆహారము మాన్పిన తరువాత రెండవ చీలికలో, ప్రతి క్రోమోజోము నందలి రెండు నకళ్లలో నొకదానియందే ఆ గుర్తు నిలిచి యుండెను. పాతది సగము, కొత్తది సగముగా పంపకము జరుగుచున్నదని దీనివలన స్పష్టపడినది. మరుసటి సంవత్సరము 1958లో మెసెల్సను, స్టాలు అనువారు సూక్ష్మజీవులలోను ఇదే నియమమును నిరూపించిరి.

నాట్ల వేళ పెద్ద మడిలో కూలీలు ఒక్క మూల నుండియే గాక పలుచోట్ల ఒకేమారు వంగి నాటుచు వత్తురు. నడుమ నడుమ నొకరి వరుస నొకరు కలిసికొందురు. డి.ఎన్.ఏ. నకలును ఇట్లే వేలకొలది చోట్ల ప్రారంభమై సాగును. వ్రాయు మాంసకృత్తి తాను వ్రాసిన అక్షరమును తానే సరిచూచుకొనును. తప్పినచో చెరిపి మరల వ్రాయును. దాని కన్ను తప్పిన వానిని దిద్దుటకు వేఱు పనివాండ్రు కలరు. ఇన్ని తనిఖీలు జరిగిన పిమ్మట మిగులు తప్పులు సుమారు 100 కోట్ల అక్షరములకు ఒకటి మాత్రమే. ఏ కరణము గాని, ఏ గుమాస్తా గాని ఇంతటి శుద్ధముగ నకలు వ్రాసియుండడు. ఆ మిగిలిన యొక్క తప్పు సైతము వ్యర్థము కాదు. తరతరములుగా నిట్టి మార్పులు పోగుపడుట చేతనే కొత్త గుణములు పుట్టి, మన పెద్దలు వానిని ఏరి రకములుగా నిలుపుటకు వీలు కలిగినది.

సర్దుట, పంచుట

నకళ్లు సిద్ధమైనంతనే పని తీరలేదు. మిరపయందు 24 పోగులు, వాని నకళ్లతో 48 పోగులు ఒకే కేంద్రకములో నున్నవి. ఏది దేని నకలో తెలియక కలిసిపోయినచో పంపకము చెడును. కావున నకలు వ్రాయుచుండగనే అసలును నకలును జోడుగా పట్టియుంచు ఉంగరముల వంటి మాంసకృత్తులు కలవు. వానికి కొహీసినులని పేరు. చీలిక సమీపించినపుడు కండెన్సినులను మఱియొక జాతి మాంసకృత్తులు వచ్చి ఉచ్చులు వేసి మడచి పోగులను పొట్టివిగ బిగించును. ఏకిన ప్రత్తిని రవాణాకై బేళ్లుగా బిగించుట యెట్టిదో ఇది యట్టిది. విడిప్రత్తిని ఇద్దరకు సమముగ పంచుట కష్టము. బేళ్లను లెక్కించి పంచుట సులభము.

తరువాత కేంద్రకపు సంచి కరగిపోవును. కణమునకు రెండు దిక్కుల నుండి సన్నని దారములు బయలుదేరి కదురు ఆకారమున నిలుచును. నడుమ లావు, కొనలు సన్నము. ప్రతి జోడులోను ఒక పోగునకు ఒక దిక్కు దారము, రెండవదానికి ఎదుటి దిక్కు దారము తగులుకొనును. రెండు వైపుల లాగుడు సమమగుటచే జోడులన్నియు కణము నట్టనడుమ ఒక వరుసను తీరును. ఇచట నొక గొప్ప కట్టుబాటు కలదు. ఒక్క పోగునకు దారము తగులకున్నను కణము ఆగి వేచియుండును. అన్నిటికిని తగిలిన పిమ్మటనే ఉంగరములు తెగును. అసలు ఒక వైపునకు, నకలు మఱియొక వైపునకు లాగబడును. ఆపైన రెండు కేంద్రకములేర్పడి, నడుమ గోడ పుట్టి, ఒక కణము రెండు కణములగును. రెండింట నున్నవి అవే 24 పోగులు, అవే అక్షరములు. దీనికి సమవిభజన యని పేరు.

ఈ కదురును ఆపు మందు మన గట్లమీదనే మొలచును. ఎఱుపు పసుపు కలిసిన నిప్పుమంట వంటి పూలు పూయు అడవినాభి తీగ దుంపయందును గింజలయందును కోల్చిసిను అను విషము కలదు. అది కదురు దారములను పుట్టనీయదు. నకళ్లు తయారగును గాని పంపకము జరుగదు. కావున ఆ కణమునందు క్రోమోజోములు రెట్టింపై నిలిచిపోవును. 1937లో బ్లేక్స్‌లీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీని సాయముతో ఉమ్మెత్త మొదలగు మొక్కలలో క్రోమోజోములను రెట్టింపు చేసి చూపెను. గింజలేని పుచ్చకాయను సృష్టించుటకు మూలమిదియే. 22 క్రోమోజోముల పుచ్చను 44 గలదానిగా మార్చి, రెండింటిని సంకరము చేసిన 33 క్రోమోజోముల మొక్క పుట్టును. 33ను జతలుగా పంచ వీలులేదు గావున గింజ కట్టదు. మనము తిను అరటిపండ్లలో పెక్కింటికి గింజ లేకపోవుటకును ఇట్టి 33 యే ముఖ్య హేతువు. అడవినాభి ప్రాణము తీయు విషము గావున దానిని త్రవ్వి పరీక్షలు చేయబూనరాదు.

వేళ తెలుపువా రెవరు?

నకలు వ్రాయుటకు వేళ యెప్పుడు? బేళ్లు కట్టుటకు వేళ యెప్పుడు? ఒకమారు వ్రాసిన నకలును కణము మరల వ్రాయకుండ అడ్డు పెట్టునదేది? ఈ ప్రశ్నలకు దారి చూపిన వారిలో పోటు ఎన్. రావు గారు ముఖ్యులు. పోటు అను ఇంటిపేరు మన గుంటూరు సీమవారికి పరిచితమే. 1970లో ఆయనయు రాబర్టు జాన్సను గారును అమెరికాలోని డెన్వరు నగరమున చేసిన పరీక్షలను నేచరు అను ప్రసిద్ధ పత్రికలో ప్రకటించిరి. తరువాత రావు గారు హ్యూస్టను నగరమందలి ఎం. డి. ఆండర్సను క్యాన్సరు వైద్యశాలలో పరిశోధనలు సాగించిరి.

వారు చేసిన పని యిది. మనుష్య కణములను గాజుపాత్రలలో పెంచి, వివిధ దశలలో నున్నవానిని వేఱుపఱచిరి: నకలు ఇంకను మొదలుకానివి, నకలు వ్రాయుచున్నవి, వ్రాయుట ముగిసినవి, చీలుచున్నవి. అటుపిమ్మట శక్తి చంపిన యొక వైరసు సాయముతో ఒక దశలోని కణమును వేఱొక దశలోని కణముతో కలిపివేసిరి. ఒకే కప్పు క్రింద రెండు కేంద్రకములు చేరినవి.

నకలు వ్రాయుచున్న కణముతో, ఇంకను మొదలిడని కణమును కలిపినపుడు ఆ రెండవ కేంద్రకము తన వేళకు ముందే నకలు వ్రాయ నారంభించెను. పని చేయుమని చెప్పు పదార్థమేదో మొదటి కణమునందు కలదని తేలినది. నకలు ముగించిన కణమును అదే విధముగ కలిపినపుడు మాత్రము, ఆ పదార్థము చుట్టునున్నను, దాని కేంద్రకము మరల నకలు వ్రాయలేదు. మన సంఘములో సొమ్ము చెల్లించిన రసీదుపై చెల్లు ముద్ర వేయుదుము. అదే రసీదును ఎన్నిమార్లు బల్లపై పెట్టినను గుమాస్తా రెండవమారు సొమ్మీయడు. క్రోమోజోములకును ఇట్టి చెల్లు ముద్ర కలదని, కణము చీలిన తరువాతనే ఆ ముద్ర మాసి కొత్త నకలునకు అనుమతి దొరకునని ఇప్పుడు తెలియుచున్నది.

చీలుచున్న కణముతో ఏ దశలోని కణమును కలిపినను, దాని క్రోమోజోములు వేళ కాకున్నను బిగిసి కనబడినవి. నకలు వ్రాయనివి ఒంటి పోగులుగను, వ్రాసినవి జోడు పోగులుగను, నడుమ నున్నవి తుంపులు తుంపులుగను గోచరించినవి. బేళ్లు కట్టుమని ఆజ్ఞ యిచ్చు పదార్థము చీలుచున్న కణమునందు కలదని దీనిచే నిర్ధారణ యైనది. ఆ పదార్థము యొక్క స్వరూపమును ఈస్టునందును, సముద్రపు జీవుల గ్రుడ్లయందును పరిశోధించి తేల్చిన హార్ట్‌వెల్లు, హంటు, నర్సు అను మువ్వురకు 2001లో నోబెలు బహుమానము లభించినది. ఈ కట్టుబాటు ఈస్టునకు, మనుష్యునకు, ప్రత్తిచెట్టునకు మూలమున ఒక్కటే. అది తప్పి కణములు అదుపులేక చీలుటయే క్యాన్సరు వ్యాధి.

అరటి పిలకకు తల్లి గుణమే యేల వచ్చునో ఇప్పుడు తేటపడినది. పిలక యంతయు సమవిభజనచే పుట్టినది, నకలునకు నకలు. అంటునకును, చెఱకు ముచ్చెకును ఇదే కారణము.

గింజ కట్టు వేళ

పువ్వులో పుప్పొడియు అండమును పుట్టు వేళ కణము వేఱు మార్గము త్రొక్కును. నకలు ఒక్కమారే వ్రాయును గాని రెండుమారులు చీలును. అందువలన 24 ఉండవలసిన చోట 12 మాత్రమే మిగులును. పుప్పొడి 12, అండము 12 కలిసి గింజలో మరల 24 అగును. సంఖ్యను సగము చేయు ఈ విభజనకు క్షయకరణ విభజన యని పేరు.

ఇందు రెండు విశేషములు కలవు. తండ్రి వైపు నుండి వచ్చిన పోగును తల్లి వైపు నుండి వచ్చిన జత పోగును ముందుగా ప్రక్క ప్రక్కన చేరి కొన్ని తుంపులను ఒకదానితో నొకటి మార్చుకొనును. పిమ్మట విడిపోవునపుడు ఏ జతలో ఏది ఏ వైపునకు పోవునో నియమము లేదు. మిరపలో 12 జతలు గలవు గావున, తుంపుల మార్పును లెక్కింపకున్నను, ఒక్క మొక్క నుండి 4,096 విధముల పుప్పొడి పుట్టవచ్చును. అండములును అన్ని విధములే. రెండును కలిసిన గింజలకు 1,67,77,216 విధముల కలయికలు సాధ్యము. 26 జతల అమెరికా ప్రత్తిలో పుప్పొడియే 6 కోట్ల 71 లక్షల విధములకు మించును.

ఇంత చిందరవందరలో శుద్ధమైన రకమెట్లు నిలుచును? వరి, మినుము వంటి పైరులలో పువ్వు తన పుప్పొడితోనే గింజ కట్టును. పెక్కు తరములు ఇట్లు జరిగినచో జతలోని రెండు పోగులును ఒక్క తీరువే యగును. ఒక్క తీరువైన వానిని ఎట్లు పంచినను ఫలమొక్కటే. కావుననే శుద్ధ రకము ఏటేట మారక నిలుచును.

సంకరము సంగతి వేఱు. ఒక శుద్ధ వంగడమును తల్లిగను, వేఱొక శుద్ధ వంగడమును తండ్రిగను చేసి ప్రతి యేట కొత్తగా కలిపిన గింజయే మనము కొను సంకర విత్తనము. తల్లి యిచ్చు అండములన్నియు ఒక్క తీరువే, తండ్రి పుప్పొడి యంతయు ఒక్క తీరువే. కావున మొదటి తరము మొక్కలన్నియు అచ్చు పోసినట్లు సమానముగ నుండి, ఏపుగ పెరుగును. కాని ఆ మొక్కలో ప్రతి జతయందును రెండు పోగులు భిన్నములు. అది తిరిగి గింజ కట్టునపుడే పైన చెప్పిన లక్షల విధముల కలయికలు బయలుపడును. మొదటి తరపు ఏపును తగ్గును. గింజలో లోపము లేదు, మొలకలో లోపము లేదు, పంపకము మారినది.

సంకరపు గింజలను కంపెనీవారు మరల మొలవనీయకుండ చేసిరను వదంతి కొన్ని యూళ్లలో కలదు. అది సరికాదు. అవి మొలచును. మొలచినవి తల్లితోటను పోలవు, అంతియే నష్టము.

బి.టి. ప్రత్తి విషయము ఇంకను గమనింపదగినది. 2002లో మన దేశమున అనుమతింపబడిన ఈ ప్రత్తిలో, నేలలోని యొక సూక్ష్మజీవి నుండి తీసిన జన్యువును ప్రత్తి క్రోమోజోములో చేర్చినారు. చేర్చిన పిమ్మట అదియు మిగిలిన అక్షరములతోపాటు నకలగును. అయితే సంకరములలో ఆ జన్యువు తరచుగా జతలో ఒక పోగునందే యుండును. అట్టి మొక్క గింజలను దాచి విత్తినచో ఒక్క జన్యువు లెక్కన సుమారు నాలుగు మొక్కలలో నొకదానికి ఆ కాపుదల యుండదు. పురుగు వచ్చిన నాడు పొలమంతయు ఒక్క తీరున నిలువదు.

రెండు ప్రత్తుల కథ

క్రోమోజోముల లెక్క యెంత గట్టిదో ప్రత్తి కథ చెప్పును. గుంటూరు సీమయందు పూర్వము కోకనాడ ప్రత్తి యను పేర సాగైనది దేశవాళి జాతి, క్రోమోజోములు 26. అది బెట్టకు తాళునది. అమెరికా ప్రత్తికి పింజ పొడవెక్కువ, క్రోమోజోములు 52. రెండింటి గుణములను కలుపవలెనని ఎందరో యత్నించిరి. కలిపిన మొక్కకు 13, 26 చేరి 39 వచ్చును. మొక్క పెరుగును, పూయును. కాని పుప్పొడి పుట్టు వేళ 13 పోగులకు జత దొరకదు. జతలేనివి ఇటునటు చెదరిపోవును. కాయలో గింజ నిలువదు. కోల్చిసినుతో 39ని 78గా రెట్టింపు చేసినచో ప్రతి పోగునకు జత దొరకి గింజ కట్టును. ఆ తోవన శాస్త్రజ్ఞులు దేశవాళి గుణములను కొంత కొంతగా తీసికొనగలిగిరి.

సంఖ్య కుదిరినచో పని సుకరము. 1970లో సూరతునందు సి. టి. పటేలు గారు విడుదల చేసిన హెచ్-4 సంకరములో తల్లిదండ్రులిద్దరును అమెరికా ప్రత్తులే. 1972లో ధార్వాడ నుండి వచ్చిన వరలక్ష్మి, అమెరికా ప్రత్తికిని ఈజిప్టు జాతి ప్రత్తికిని పుట్టినది. జాతులు వేఱైనను రెండింటికిని 52 క్రోమోజోములే గావున సంకరము నిలిచినది.

రైతులు గమనింపదగిన విషయములు

మొదటిది. కొను విత్తనము శుద్ధ రకమో, సంకరమో ముందు అడిగి తెలిసికొనవలెను. సంకరమైనచో దాని గింజలు మరుసటి యేటికి దాచుట నష్టము. మిల్లు వద్ద దొరకు ప్రత్తిగింజలును, పేరులేని విడిగింజలును ఏ తరమువో చెప్పజాలము గావున వానిని విత్తరాదు.

రెండవది. శుద్ధ రకమైనచో గింజ దాచుకొనుట రైతునకు లాభము. 2001 నాటి మొక్కల రకముల రక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము రైతు తన పంటలోని గింజను దాచి విత్తుకొనవచ్చును, ఇరుగుపొరుగుతో మార్చుకొనవచ్చును, అమ్మవచ్చును. వ్యాపార ముద్రతో మాత్రము అమ్మరాదు. 1922లో స్థాపితమైన గుంటూరు చెంత లాం పరిశోధనా క్షేత్రము నుండి వచ్చిన ఎల్.సి.ఏ. 334 మిరప, పల్నాడు అను పేరుగల ఎల్.ఆర్.జి. 30 కంది ఇట్టి శుద్ధ రకములే.

మూడవది. వరి, మినుములలో గింజ శుద్ధి సులభముగ నిలుచును. మిరప, కంది, ప్రత్తులలో తేనెటీగలు పొరుగు చేని పుప్పొడిని తెచ్చును. కావున విత్తనమునకు ఉంచు మడి చేని నడుమ నుండవలెను, వేఱు రకమునకు దూరముగ నుండవలెను. మిరపలో ధ్రువీకరణ విత్తనమునకు 200 మీటర్ల దూరము కోరుదురు. పోలికలేని మొక్కలను పూతకు ముందే పెరికివేయవలెను. పూత వచ్చిన పిమ్మట పెరికినచో వాని పుప్పొడి అప్పటికే వ్యాపించియుండును.

నాలుగవది. కొన్న సంచిని, దానికి కట్టిన చీటిని, రసీదును పంట చేతికి వచ్చువరకు భద్రపఱుపవలెను. తోటలో భిన్నమైన మొక్కలు మితిమీరి కనబడినచో అది కలితీయో, రెండవ తరపు గింజయో అధికారులు పరీక్షించుటకు అవియే ఆధారములు. చీటిపై నున్న గుర్తు సంఖ్య లేక ఫిర్యాదు నిలువదు.

అయిదవది. ఒక్కొక్కరు విడివిడిగ విత్తనపు మడి పెట్టుట కష్టమగును గాని, పది మంది సభ్యులు కలిసి ఒక గట్టున ఒకే శుద్ధ రకమును వేసినచో దూరపు నియమము తేలికగ నెరవేరును. అట్టి గింజను గోనెపట్టాలో నూఱు లెక్కించి తడిపి మొలక చూచి, తొలకరికి ముందే సంఘమునందు పంచుకొనవచ్చును. కంది, మినుము పైరులతో ఈ పనికి పూనుకొనదలచిన సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున తమ పేర్లు తెలుపుదురు గాక.